ఊరూరి చలువ రుచులు – మన వంటయింట

చైత్రము ప్రవేశించినది మొదలు మన ప్రాంతమున ఎండలు ముదురును. నర్సీపట్నము చుట్టుపట్ల పల్లెలలో జీడిపిక్కలు ఏరువారు, మామిడితోటలలో కాయలు దింపువారు పొద్దు నడినెత్తికి రాకమున్నే పని ముగించుకొని నీడ చేరుదురు. పిల్లలకు బడి సెలవులు. సంతలోను, బస్సులు ఆగు కూడలియందును రంగురంగుల సీసాలు, పుల్ల ఐసులు కనుల యెదుట నుండును. పిల్లవాడు వ్రేలు చూపి అడుగును. తల్లి కొంగుముడి విప్పును. ఇందు తల్లి తప్పేమియు లేదు. బిడ్డ దప్పిక నిజమైనది. ఆ రుచి ఇంటిలో దొరకదనుకొనుటయే పొరపాటు.

నర్సీపట్నము మన్యమునకు వాకిలి వంటిది. ఎగువన చింతపల్లి, లంబసింగి కొండలు; దిగువన పైరుపొలముల మైదానము. 2022వ సంవత్సరమున ఏర్పడిన అనకాపల్లి జిల్లాలో ఈ పట్టణము చేరియున్నది. కొండల చోళ్ళు, మైదానపు బెల్లము, తోటల మామిడి – మూడును మనకు చేరువలోనే లభించును. నర్సీపట్నం రోడ్డు అను పేరుగల రైలు స్టేషను చెన్నై–హౌరా మార్గముపై కలదు. ఆ దారిని దూరదేశములకు పోయి వచ్చినవారు అచ్చటచ్చట త్రాగిన పానీయములను, తినిన తినుబండారములను మెచ్చుకొనుట వినుచుందుము. అట్టి రుచులలో కొన్నిటిని మన దినుసులతో, మన పాత్రలలో ఎట్లు చేసికొనవచ్చునో ఈ వ్యాసమున తెలిసికొందము.

దప్పిక వెనుక నున్న సంగతి

ఎండలో మన దేహము చెమట పట్టించి తన వేడిని తగ్గించుకొనును. చెమటతో నీరే గాక ఉప్పు కూడ బయటికి పోవును. పోయిన రెంటిని మరల చేర్చనిచో నీరసము, తలనొప్పి, కండరముల పట్లు కలుగును; ముదిరినచో వడదెబ్బ తగిలి ప్రాణాపాయము సంభవించును. 2015వ సంవత్సరపు మే నెలలో వీచిన వడగాడ్పులకు మన రాష్ట్రమున వేయిమందికి పైగా మరణించిరి. కావున వేసవి పానీయమనగా వేడుక మాత్రమే కాదు. అది రక్షణ కూడ.

బజారులో దొరకు తీపి పానీయములు నాలుకకు చల్లగా తోచును గాని అందలి ముఖ్యవస్తువు పంచదార. సాధారణముగా 100 మిల్లీలీటర్లకు 10, 11 గ్రాముల పంచదార వానిలో నుండును. 300 మిల్లీలీటర్ల సీసా త్రాగినచో 30 గ్రాములు దాటును. పెద్దవారు సైతము దినమునకు సుమారు 25 గ్రాములకు లోబడి అదనపు చక్కెర తీసికొనుట మేలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో సూచించినది. ఇంటిలో వాడు బెల్లము కూడ ఈ లెక్కలోనిదే. బెల్లము మంచిదని చేతికి వచ్చినంత వేయరాదు.

ముందుగా నీరు, కుండ

ఏ పానీయమునకైనను నీరే మూలము. నీటిని తెర్లునట్లు కాచి, మూతపెట్టి చల్లార్చి, శుభ్రమైన కుండలో పోయవలెను. కుండలో చేయి ముంచరాదు. పొడుగు కాడగల గరిటెతో తీయవలెను. సంతలో అమ్ము మంచుగడ్డ ఏ నీటితో చేసినదో మనకు తెలియదు. చేపలు నిలువ చేయుటకై తయారైన మంచు కూడ ఒక్కొక్కప్పుడు పానీయములలో చేరవచ్చును. అందుచేత కొనిన మంచును పానీయములో ఎన్నడును వేయరాదు.

కుండలో నీరు చల్లబడుట కేమి కారణము? మట్టిలోని సన్నని రంధ్రముల గుండ నీరు పైకి ఊరి ఆవిరియగును. ఆవిరియగునపుడు కుండ వేడిని తీసికొనిపోవును. ఈ సూత్రము ననుసరించియే నైజీరియా దేశమున మొహమ్మద్ బా అబ్బా అను ఉపాధ్యాయుడు 1990 దశకమున ఒక కుండలో మరియొక కుండ నుంచి, నడుమ తడియిసుక నింపి, కూరగాయలు చెడకుండ నిలువచేయు పద్ధతిని ప్రచారము చేసెను. మన ఇండ్లలో కూడ పాలగిన్నెను, పెరుగుముంతను ఇట్లు తడియిసుక కుండలో ఉంచి, పైన తడిగుడ్డ కప్పి, గాలి తగులు నీడను ఉంచవచ్చును. పడమటి పొడిగాలి వీచు దినములలో ఇది చక్కగా పనిచేయును; గాలిలో తేమ హెచ్చుగానున్న దినములలో అంతగా పనిచేయదు.

1. ఉత్తరదేశపు మామిడికాయ పానకము

ఉత్తర హిందూస్థానమున వేసవియందు పచ్చిమామిడితో 'ఆమ్ పన్నా' అను పానీయమును విరివిగా చేయుదురు. పులుపు, తీపి, ఉప్పు మూడును కలియుటచే ఎండబడి వచ్చినవారికి అది హితము.

పుల్లని మామిడికాయలు రెండు తీసికొని, తొక్కతోనే ఉడికింపవలెను. నిప్పులలో కాల్చినను మంచిదే, వాసన కమ్మగా నుండును. చల్లారిన పిదప తొక్క తీసి గుజ్జు పిసికి, టెంక పారవేయవలెను. గుజ్జులో 100 గ్రాముల బెల్లపు పొడి, ఒక చిన్న చెంచా ఉప్పు, ఒక చిన్న చెంచా వేయించి దంచిన జీలకర్ర కలుపవలెను. ఈ ముద్దను గాజుసీసాలోగాని జాడీలోగాని ఉంచి, గ్లాసు నీటికి రెండు పెద్ద చెంచాల చొప్పున కలిపి త్రాగవచ్చును. బెల్లమును మొదట కొలది నీటిలో కరగించి వడగట్టినచో ఇసుక, నలకలు పోవును. శీతలపేటిక లేని ఇంటిలో ఏ పూటది ఆ పూటకే చేసికొనుట శ్రేయస్కరము.

2. బీహారు సత్తునీరు

బీహారు రాష్ట్రమున వీధిబండ్లపై 'సత్తు' అను పానీయము నమ్ముదురు. రిక్షా త్రొక్కువారు, కూలిపని చేయువారు ఉదయముననే ఒక గ్లాసు త్రాగి పనికి పోవుదురు. ఇందు రహస్యమేమియు లేదు. అది వేయించిన శనగల పిండి. మన యింట పుట్నాల పప్పు ఉండనే ఉన్నది.

పుట్నాల పప్పును మెత్తగా పొడిచేసి జల్లించి డబ్బాలో ఉంచుకొనవలెను. గ్లాసునకు రెండు పెద్ద చెంచాల పొడిని మొదట కొలది నీటితో ఉండలు కట్టకుండ కలిపి, తరువాత తక్కిన నీరు గాని పలుచని మజ్జిగ గాని పోయవలెను. ఉప్పు, నిమ్మరసము, జీలకర్ర పొడి, సన్నగా తరిగిన ఉల్లిపాయ చేర్చవలెను. ఈ రెండు చెంచాలలో సుమారు 6 గ్రాముల మాంసకృత్తులు లభించును. దప్పిక తీర్చుటయే గాక ఆకలిని కూడ అణచును గనుక ప్రొద్దుననే తోటపనికి పోవు స్త్రీలకు ఇది ఎంతయు తగినది. పొలమునకు పొడిని వేరుగా మూటగట్టి, నీరు వేరుగా కొనిపోయి, అచ్చటనే కలుపుకొనవచ్చును.

3. డబ్బాలోని మాల్టు – మన చోడి జావ

దుకాణములలో 'మాల్టు' పొడులు డబ్బాలలో అమ్ముచుందురు. మాల్టు అనగా మొలకెత్తించి ఎండబెట్టిన గింజయే. ఆ గింజ సాధారణముగా బార్లీ. మన కొండవాలులలో పండు చోళ్ళు అందుకు ఏమాత్రమును తీసిపోవు. నూరు గ్రాముల చోళ్ళలో 340 మిల్లీగ్రాములకు పైగా సున్నపు ధాతువు కలదు. ఎముకల బలమునకు ఇది ముఖ్యము. 2023 మార్చి నెలలో మన రాష్ట్రపు ప్రభుత్వ పాఠశాలలలో మధ్యాహ్న భోజనముతోపాటు రాగి జావను చేర్చుటకు ఇదియే కారణము.

చోళ్ళను కడిగి 12 గంటలు నానబెట్టి, నీరు వార్చి, తడిగుడ్డలో మూటగట్టి ఒకటి రెండు దినములు ఉంచినచో తెల్లని మొలకలు వచ్చును. వానిని ఆరబెట్టి, చేతులతో నలిపి మొలకల పొట్టు చెరిగివేసి, దోరగా వేయించి పిండి పట్టింపవలెను. మొలకెత్తిన గింజల పిండి జావ గట్టిపడదు. పసిపిల్లలకు తేలికగా అరుగును.

రెండు పెద్ద చెంచాల పిండిని చల్లని నీటిలో కలిపి, తెర్లుచున్న రెండు గ్లాసుల నీటిలో పోసి, కలియబెట్టుచు ఏడెనిమిది నిమిషములు ఉడికింపవలెను. పిల్లలకు చల్లారిన పిదప పాలు, కొలది బెల్లము చేర్చవచ్చును. బెల్లమును మరగుచున్న పాలలో వేసినచో పాలు విరుగును. పెద్దవారికి మజ్జిగ, ఉప్పు, ఉల్లిపాయ చేర్చినచో మన పూర్వుల అంబలియే యగును. తాతముత్తాతలు త్రాగిన అంబలిని బీదతనపు గుర్తుగా భావించి విడిచి, డబ్బా పొడికి సొమ్ము వెచ్చించుట ఎంతవరకు సబబో యోచింపవలెను.

4. రాజమహేంద్రవరపు రోజ్ మిల్కు

గోదావరి స్టేషనులో దిగినవారు రోజ్ మిల్కు త్రాగక తిరిగి రారని వాడుక. దాని యందలి సొగసు గులాబి వాసన, లేత ఎరుపు రంగు. ఇంటిలో కృత్రిమ రంగుతో పనిలేదు.

మందులు చల్లని పెరటి నాటుగులాబీలు ఐదారు తీసికొని, రేకులను కడిగి, ఒక గ్లాసు వేడినీటిలో మూతపెట్టి గంటసేపు ఉంచవలెను. వడగట్టిన నీటిలో 100 గ్రాముల పంచదార, వ్రేలి కణుపంత బీటు దుంప ముక్క వేసి కొలదిసేపు కాచి, ముక్క తీసివేయవలెను. చల్లారిన పాకమును గ్లాసు పాలకు ఒక పెద్ద చెంచా చొప్పున కలుపవలెను. పాలు కాచి చల్లార్చినవై యుండవలెను. పాలు దొరకని ఇంటివారు పలుచని తియ్యమజ్జిగలో కలిపినను రుచియే.

5. పుల్ల ఐసు – ఇంటి కుల్ఫీ

పిల్లల మనసు దోచునది ఇదియే. లీటరు పాలను అడుగంటకుండ కలియబెట్టుచు సగమునకు తక్కువగా మరిగించి, నాలుగు పెద్ద చెంచాల పంచదార, రెండు ఏలకుల పొడి చేర్చి చల్లార్చవలెను. పూర్తిగా చల్లారిన మీదట ఒక గ్లాసు మామిడిపండ్ల గుజ్జు కలిపి, చిన్న స్టీలు గ్లాసులలో పోసి, నడుమ శుభ్రమైన పుల్ల గ్రుచ్చవలెను. శీతలపేటిక యున్నవారు ఒక రాత్రి అందలి మంచు అరలో ఉంచిన చాలును.

లేనివారు నిరాశ పడనక్కరలేదు. మూడు పాళ్ళు మంచుముక్కలకు ఒక పాలు రాతిఉప్పు కలిపినచో ఆ మిశ్రమము సున్న డిగ్రీలకు ఎంతయో దిగువకు చల్లబడును. ఉప్పు మంచును కరగించును. కరగుటకు కావలసిన వేడిని అది చుట్టునున్న వస్తువుల నుండియే లాగికొనును. గట్టి మూతగల డబ్బాలో పాలు పోసి, బకెట్టులో ఈ మిశ్రమము నడుమ ఉంచి, పైన గోనెపట్టా కప్పి, అప్పుడప్పుడు డబ్బాను త్రిప్పుచుండవలెను. సుమారు రెండు గంటలలో గడ్డకట్టును. ఇచ్చట మంచు పాత్ర వెలుపలనే యుండును. లోనికి చుక్కయైనను చేరనీయరాదు. బడియీడు పిల్లలను దగ్గర కూర్చుండబెట్టుకొని ఇది చేసినచో వారికి చిరుతిండియు, విజ్ఞానశాస్త్ర పాఠమును ఒక్కసారియే లభించును.

6. భీమాలి తాండ్ర

పండ్లు విరివిగా దొరకి ధర పడిపోవు దినములలో వానిని వృథా పోనీయరాదు. విజయనగరము జిల్లాలోని భీమాలి గ్రామము మామిడి తాండ్రకు పేరుపొందినది. పీచుగల పండ్ల రసము తీసి జల్లించి, తగు పంచదార కలిపి, కడిగి ఎండబెట్టిన చాపపై పలుచగా పూయవలెను. ఒక పొర ఆరిన పిదపనే మరియొక పొర పూయవలెను. పైన పలుచని బట్ట కప్పి ఈగలు, దుమ్ము చేరకుండ చూడవలెను. తగు మందము వచ్చువరకు దినదినము ఇట్లు చేసి, చక్కగా ఆరిన పిమ్మట ముక్కలు కోసి డబ్బాలో దాచినచో వర్షాకాలమున సైతము పిల్లలకు మామిడి రుచి అందును. మిగులు తాండ్రను మహిళా సంఘములు సంతలో అమ్మి కొంత రాబడి కూడ పొందవచ్చును.

మరువరాని మాట

ఇవన్నియు ఆరోగ్యముగా నున్నవారికి చెప్పిన రుచులు. బిడ్డకు విరేచనములు పట్టుకొనినపుడు పాకములుగాని, తీపి పానీయములుగాని ఈయరాదు. అధికమైన చక్కెర విరేచనములను హెచ్చించును. అప్పుడు కావలసినది ఉప్పు, చక్కెర సరియైన పాళ్ళలో కలిసిన ద్రావణము. 1971లో బంగ్లాదేశ్ శరణార్థుల శిబిరములలో కలరా వ్యాపించినపుడు డాక్టరు దిలీప్ మహలనాబిస్ ఇట్టి ద్రావణము త్రాగించి అనేకుల ప్రాణములు నిలిపెను.

ఆరోగ్య కేంద్రములోను, ఆశా కార్యకర్త వద్దను దొరకు ఓ.ఆర్.ఎస్. పొట్లమును దానిపై సూచించినంత నీటిలో కలిపి ఈయవలెను. పొట్లము అందనిచో లీటరు కాచి చల్లార్చిన నీటికి ఆరు చిన్న చెంచాల పంచదార, అర చిన్న చెంచా ఉప్పు – అన్నియు తలకొట్టి కొలిచి – కలుపవలెను. ఉప్పు హెచ్చినచో హాని కలుగును. ఇట్లు కలిపిన ద్రావణమును 24 గంటలు దాటి ఉంచరాదు. దుకాణములలో ఇంచుమించు ఇదే పేరుతో అమ్ముడగు తీపి పానీయములను చూచి తల్లులు మోసపోయిన సందర్భములు కలవు. సూత్రబద్ధము కాని పానీయములపై ఆ పేరు వాడరాదని జాతీయ ఆహార భద్రతా ప్రమాణముల సంస్థ 2025 అక్టోబరులో ఉత్తర్వు చేసినది. అయినను పెట్టెపై అక్షరములు చదువుకొనుట మన విధి.

బిడ్డ మందముగా పడియున్నను, కన్నులు లోతుకు పోయినను, మూత్రము తగ్గినను ఇంటివైద్యముతో కాలయాపన చేయక వెంటనే వైద్యుని వద్దకు కొనిపోవలెను. ఎండదెబ్బకు ఒడలు కాలుచు తెలివి తప్పినవారికి నోట ఏమియు పోయరాదు. నీడకు చేర్చి, తడిగుడ్డలతో ఒడలు తుడుచుచు, 108కి కబురు చేయవలెను. మధుమేహము గలవారు తీపి పానీయములను, రక్తపుపోటు గలవారు ఉప్పు హెచ్చుగా గల పానీయములను వైద్యుని సలహా మేరకే తీసికొనవలెను.

సోదరీమణులారా! దూరపు ఊళ్ళ రుచులను మెచ్చుకొనుటలో దోషము లేదు. వానిని నేర్చుకొనుట వివేకము. ఈ సంతకు పోవునపుడు రంగుసీసాల కగు సొమ్ముతో అరకిలో చోళ్ళు, కొలది పుట్నాల పప్పు, నాలుగు మామిడికాయలు కొని చూడుడు. తదుపరి వారము పిల్లవాడు వ్రేలు చూపి అడుగునది మీ యింటి కుండనే యగును.