నాట్ల వేళ మీటింగు పెట్టకు

చిరంజీవి మనవరాలికి,

ఇళ్లలో ఆడవాళ్లను కొట్టడం మాన్పించే పని మీద పల్లెలకు వెళ్తున్నావని తెలిసి సంతోషించాను. ఆఫీసువాళ్లు ఇచ్చిన పుస్తకం ప్రకారమే నీ ఏడు ఊళ్లలోనూ మీటింగులు ఒకేలా నడిపిస్తానన్నావు చూడు, అక్కడే భయం వేసింది.

నీలా పల్లెలు తిరిగిన రోజుల్లో మేమూ ఆ తప్పు చేశాం తల్లీ. ఒకసారి నాట్ల రోజుల్లో పొద్దున పదకొండింటికి మీటింగు పెట్టాం. ఆడవాళ్లంతా మడిలో ఉన్నారు. వచ్చి కూర్చున్నది మగవాళ్లే. హెల్ప్‌లైన్ నంబరున్న పోస్టరు గోడకు అంటించాం. సాయంత్రం బురద కాళ్లతో వస్తూ ఒకావిడ దాన్ని చూసి, "ఫోను ఆయన జేబులో ఉంటాదమ్మా" అంది. నాకు నోట మాట రాలేదు.

మన నెల్లూరు జిల్లా దూబగుంట సంగతి నీకు తెలుసు. అక్షరదీపం రాత్రి బడుల్లో పలక పట్టిన ఆడవాళ్లు ఇంటి బాధలూ చెప్పుకున్నారు. కొట్టేది మొగుడే అయినా, కూలి డబ్బులు పోయేది సారా అంగడికి. అందుకే 1992లో వర్ధినేని రోశమ్మ, ఆమె తోటివాళ్లు ఆ అంగడి మీదికే పోయారు. ఊరూరా ఆడవాళ్లు సారా వేలంపాటలకు అడ్డం నిలబడ్డారు. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రంలో సారా నిషేధం వచ్చింది. అయినా తాగకుండా కొట్టేవాళ్లూ ఉన్నారు. కాబట్టి దూబగుంట దారినీ ఉన్నదున్నట్టు దించుకోకు.

నీ పనిలాంటి పని మీదే ఉగాండాలోని కంపాలాలో ‘సాసా!’ అనే కార్యక్రమం నడిచింది. స్వాహిలిలో ఆ మాటకు ‘ఇప్పుడు’ అని అర్థం. అక్కడ ఇరుగుపొరుగువాళ్లే శిక్షణ పొంది, ఇంట్లో ఎవరి మాట చెల్లుతోంది, ఎందుకు చెల్లుతోంది అని తమ పేటల్లో చర్చ లేవదీశారు.

నీ ఊళ్లలో రెండు సముద్రం ఒడ్డున ఉన్నాయన్నావు. అలాంటి పట్టపుపాలేల్లో, అంటే జాలరి పల్లెల్లో, దురాయికి, అంటే పెద్దలు పెట్టే కట్టుబాటుకు ఉన్న బరువు పోలీసు మాటకు లేదు. ముందు పెద్దలను కలువు. అయితే ఆ పెద్దల కూటంలో కూర్చునేది మగవాళ్లే. వాళ్ల ఎదుట ఏ ఆడకూతురి చేతా నోరు విప్పించకు. ఇంటికెళ్లాక దెబ్బలు తినేది ఆమే. రొయ్యల ప్లాంటుకు పోయేవాళ్లు పగలు ఊళ్లో దొరకరు. వాళ్లు బస్సు ఎక్కే చోటికి వెళ్లు.

మొదటి పది రోజులు పుస్తకం సంచిలోంచి తీయకు. దెబ్బలు తిన్న మనిషి రాత్రిపూట ఎవరింటికి పరిగెత్తుతుందో కనుక్కో. మా ఊళ్లో అది మంత్రసాని ఇల్లు. ఏ జామున తలుపు తట్టినా ఏమీ అడగకుండా చాప పరిచేది. నీ ఊళ్లలో ఆ ఇల్లు దొరకగానే నాకు ఉత్తరం రాయి.

మీ అమ్మమ్మ