నాలుగు మోటార్లూ, ఒక కెమెరా

మొన్నటి కాలేజి వార్షికోత్సవం వీడియో చూసినవాళ్ళు నన్ను రెండు ప్రశ్నలు అడిగారు. లెక్చరర్లూ, జూనియర్లూ అడిగింది: "విమానానికి ఉన్నట్టు రెక్కలు లేవు కదా, అది గాలిలో కదలకుండా ఎట్లా నిలబడుతుంది?" నా తోటి మిత్రులు కాస్త కోపంగానే అడిగింది: "స్టేజీ మీదుగా, జనం మీదుగా ఎందుకు ఎగరెయ్యలేదు? గోడ అవతలనుంచి తీసింది కూడా ఒక వీడియోనా?" మొదటి ప్రశ్నకు సరిగా జవాబు చెబితే రెండోదానికి జవాబు అందులోనే దొరుకుతుందని నా నమ్మకం. అందుకే ఈ వ్యాసం.

మనం డ్రోన్ అని పిలుస్తున్న ఈ యంత్రానికి నాలుగు మోటార్లుంటే క్వాడ్‌కాప్టర్ అనీ, ఆరుంటే హెక్సాకాప్టర్ అనీ పేరు. అన్నిటినీ కలిపి మల్టీరోటార్లు అంటారు. ఈ ఊహ కొత్తదేమీ కాదు. 1907లోనే ఫ్రాన్సులో బ్రెగే సోదరులు నాలుగు రోటార్ల యంత్రం కట్టి, అందులో మనిషిని కూర్చోబెట్టి నేలనుంచి కొంచెం పైకి లేపారు. అయితే అది ఒరిగిపోకుండా నాలుగు మూలలా నలుగురు మనుషులు పట్టుకోవలసి వచ్చింది. 1922లో అమెరికాలో డి బోథెజా, 1924లో మళ్ళీ ఫ్రాన్సులోనే ఓమిషెన్ ఇటువంటి యంత్రాలను ఎగరేశారు. ఓమిషెన్ ఒక కిలోమీటరు చుట్టుదారిలో తిరిగి వచ్చాడు కూడా. అయినా ఆ దారి అక్కడితో ఆగిపోయింది. లేవడం కష్టం కాలేదు, ఒరగకుండా నిలబెట్టడమే కష్టమైంది. ఆ పనికి మనిషి చేతులు చాలవు.

ఎందుకు చాలవో చూద్దాం. ప్రొపెల్లరు గాలిని కిందికి నెడుతుంది, గాలి దాన్ని పైకి నెడుతుంది. న్యూటన్ మూడవ సూత్రం, ఇంతవరకు హైస్కూలు పాఠమే. కానీ ప్రొపెల్లరును ఒకవైపు తిప్పితే యంత్రం శరీరం రెండోవైపు తిరగాలని చూస్తుంది. అందుకని ఎదురెదురు మూలల్లో ఉన్న రెండింటిని కుడివైపు, మిగిలిన రెండింటిని ఎడమవైపు తిప్పుతారు. ఒకదాని మెలి ఇంకొకదానికి చెల్లు. ముందుకు పోవాలంటే వెనక మోటార్ల వేగం పెంచి ముందువాటిది తగ్గిస్తే యంత్రం ముందుకు వంగుతుంది. ఉన్నచోటనే తిరగాలంటే ఒక జత వేగం పెంచి రెండో జతది అంతే తగ్గించాలి. హెలికాప్టరులో మాదిరి మరలు, కడ్డీలు, కోణం మారే రెక్కలు ఏమీ లేవు. కదిలేవి నాలుగు మోటార్లు మాత్రమే. ఈ సంగతి గుర్తుంచుకోండి, తర్వాత పనికొస్తుంది.

ఏ రెండు మోటార్లూ సరిగ్గా ఒకేలా ఉండవు. గాలీ ఒకేలా వీచదు. కాబట్టి యంత్రం ప్రతి క్షణమూ ఏదో ఒక పక్కకు పడబోతూనే ఉంటుంది. అది మనకు కదలకుండా కనిపిస్తున్నదంటే పడబోయిన ప్రతిసారీ ఎవరో పట్టుకుంటున్నారన్నమాట. ఆ పట్టుకునేది మధ్యలో ఉండే చిన్న సర్క్యూటు బోర్డు. సెల్‌ఫోను అడ్డంగా తిప్పితే బొమ్మ కూడా తిరుగుతుంది కదా, ఆ ఫోనులో ఉన్న జాతి పరికరాలే ఇందులోనూ ఉంటాయి. ఒకటి త్వరణాన్ని కొలుస్తుంది, ఒకటి భ్రమణ వేగాన్ని కొలుస్తుంది. రెండోదాని లోపల కంటికి కనిపించనంత చిన్న ద్రవ్యరాశి అదేపనిగా కంపిస్తూ ఉంటుంది. బోర్డు తిరిగితే కొరియాలిస్ బలం వల్ల ఆ కంపనం పక్కకు మళ్ళుతుంది. మెకానిక్స్ పేపరులో మనం ఐదు మార్కుల ప్రశ్నగా చదివి వదిలేసిన కొరియాలిస్ బలం ఇదే! బోర్డు సెకనుకు కొన్ని వందలసార్లు ఈ కొలతలు చూసి నాలుగు మోటార్ల వేగాలూ సవరిస్తుంది.

ఆ సవరణ ఎంత చెయ్యాలన్నదే అసలు విద్య. చిన్నప్పుడు కర్రను అరచేతి మీద నిలబెట్టే ఆట అందరం ఆడినవాళ్ళమే. కర్ర ఎంత ఒరిగితే చేయి అంత జరుపుతాం. అది మొదటి అంశం. ఎంత వేగంగా ఒరుగుతున్నదో చూసి ముందుగానే చేయి ఆపుకుంటాం. అది రెండోది. ఎప్పుడూ ఒకే పక్కనుంచి గాలి తోస్తుంటే కొంచెంసేపటికి ఆ పక్కకు అలవాటుగా చేయి మొగ్గించి ఉంచుతాం. అది మూడోది. ఈ మూడింటి పాళ్ళు కుదరాలి. మొదటిది ఎక్కువైతే యంత్రం చలిజ్వరం వచ్చినట్టు వణుకుతుంది, తక్కువైతే తాగినవాడిలా తూలుతుంది. నాకు ఈ పాళ్ళు కుదరడానికి మూడు ఆదివారాలు పట్టింది.

అంతకుముందే ఒక పెద్ద పాఠం అయింది. మొదటిసారి మా శనక్కాయల చేను కోసినాక, ఖాళీ నేలలో ఎగరేశాను. జానెడు లేచిందో లేదో గిరుక్కున తిరగబడింది. రెండు ప్రొపెల్లర్లు ముక్కలయ్యాయి. రాత్రంతా వెతికితే తేలిందేమంటే, ముందు కుడి మోటారుకు పోవలసిన తీగ వెనక ఎడమ మోటారుకు తగిలించాను. ఎదురెదురు మూలలు కనుక రెండూ ఒకే దిక్కుకు తిరుగుతాయి. అందువల్ల కంటికి తేడా తెలియలేదు. యంత్రం ఒక మూలకు ఒరిగింది. బోర్డు ఆ మూలను లేపుదామని వేగం పెంచితే పెరిగింది ఎదుటి మూల. ఒరుగుడు ఇంకా ఎక్కువైంది, బోర్డు ఇంకా పెంచింది. సాయం చెయ్యబోయి ముంచడం అంటే ఇదే. కొత్తగా కట్టేవారికి నేను చెప్పేది: ప్రొపెల్లర్లు బిగించకముందే ఒక్కొక్క మోటారునూ విడిగా తిప్పి, ఏది తిరిగిందో, ఎటు తిరిగిందో కాగితం మీద రాసుకోండి. గదిలో పరీక్షించేటప్పుడు ప్రొపెల్లర్లు అసలు ఉండకూడదు, వేళ్ళు పోతాయి. మోటారు ఎదురు దిక్కుకు తిరిగితే దానికి వచ్చే మూడు తీగల్లో ఏ రెండింటినైనా తారుమారు చేస్తే సరిపోతుంది.

నేను కట్టినది ఎఫ్-450 అనే ఫ్రేము. ఎదురెదురు మోటార్ల మధ్య దూరం 450 మి.మీ. అని దానర్థం. మోటార్లు 920 కేవీ. మొదట నేను కిలోవోల్టులనుకొని భయపడ్డాను! ఒక వోల్టుకు నిమిషానికి 920 చుట్లు అని అర్థమట. ప్రొపెల్లర్లు 10 అంగుళాలవి. లిథియం పాలిమర్ బ్యాటరీలో మూడు సెల్లులు, మొత్తం 11.1 వోల్టులు, 3300 మిల్లీ ఆంపియర్ గంటలు. కెమెరా కాకుండా 24 వేలు అయింది. వేసవిలో ట్యూషన్లు చెప్పిన డబ్బు అంతా దీనికే పోయింది. 2022 ఫిబ్రవరిలో మన ప్రభుత్వం తయారైన డ్రోన్ల దిగుమతిని నిషేధించినప్పుడు విడిభాగాలను ఆ నిషేధంలో చేర్చలేదు. నాబోటివాళ్ళకు ఆ మాత్రం దారి మిగిలింది.

ఇక బరువు సంగతి. సినిమా తియ్యాలని దీన్ని కట్టేవాడికి అసలు చిక్కంతా ఇక్కడే. ఊళ్ళో కిరాణా కొట్టు త్రాసు మీద తూస్తే నా యంత్రం 1,090 గ్రాములు. కెమెరా, దాన్ని కదలకుండా పట్టే గింబల్ కలిపితే 1,370. అంటే బరువు 26 శాతం పెరిగింది. మరి గాలిలో నిలబడటానికి కావలసిన శక్తి కూడా 26 శాతమే పెరుగుతుందా? పెరగదు. ఎక్కువ బరువును మొయ్యాలంటే ఎక్కువ గాలిని, ఎక్కువ వేగంతో నెట్టాలి. సామర్థ్యం బరువుకు ఒకటిన్నర ఘాతంగా పెరుగుతుంది. లెక్క వేస్తే 41 శాతం. ఆదర్శ పరిస్థితిలో కెమెరాతో 70 వాట్లు చాలాలి. మోటారులో, ప్రొపెల్లరులో పోయే నష్టాలవల్ల 150 వాట్ల దాకా తీసుకుంటుంది. బ్యాటరీలో ఉన్నది సుమారు 36 వాట్ గంటలు. అందులో ఐదోవంతు మిగల్చాలి, పూర్తిగా పిండితే సెల్లు చస్తుంది. కెమెరా లేకపోతే 16 నిమిషాలు ఎగరవలసినది కెమెరాతో 11 నిమిషాలకే దిగిపోవాలి. పోనీ, రెండు బ్యాటరీలు కడితే? దాని బరువునూ మొయ్యాలి కదా. వ్యవధి రెట్టింపు కాదు, ఒకటిన్నర రెట్లు అవుతుంది. పొలంలో గడియారం పెట్టుకొని చూస్తే నాకు 10 నిమిషాలు దాటలేదు. మిగిలిన నిమిషం మా ఊరి గాలి తినేస్తుంది.

ఎగిరినంత మాత్రాన బొమ్మ రాదు. నా మొదటి వీడియోలో మా ఊరి చెరువు జెల్లీలాగా ఊగింది. మోటారు నిమిషానికి 6,000 చుట్లు తిరిగితే సెకనుకు 100. ప్రొపెల్లరు ఒక రెక్క రవ్వంత బరువైనా సెకనుకు 100 సార్లు ఫ్రేమును కుదుపుతుంది. మామూలు డిజిటల్ కెమెరా బొమ్మ మొత్తాన్ని ఒక్కసారి తియ్యదు, పైనుంచి కిందికి వరుసవరుసగా చదువుతుంది. వరుసకూ వరుసకూ మధ్య కెమెరా కదిలితే తిన్నని కరెంటు స్తంభం పాములాగా కనిపిస్తుంది. దీనికి మందు ప్రొపెల్లరును సన్నని కడ్డీమీద నిలిపి ఏ రెక్క కిందికి దిగుతున్నదో చూడటం, తేలిక రెక్కకు చిన్న టేపు ముక్క అంటించడం. ఆపైన కెమెరాను మెత్తటి రబ్బరు బంతులమీద వేలాడదియ్యాలి. ఎండ ఎక్కువైతే కెమెరా తనంతట తానే షట్టరు వేగం పెంచుకుంటుంది, అప్పుడు ఈ వణుకు మరీ బయటపడుతుంది. సెకనుకు 25 ఫ్రేములు తీస్తుంటే షట్టరు సెకనులో 50వ వంతు దగ్గర ఉండాలి. అందుకోసం కెమెరాకు నల్ల అద్దం తొడుగుతారు. నేను అద్దం కొనలేదు, ఉదయం ఆరున్నరకే ఎగరేస్తాను. ఎండా తక్కువ, గాలీ తక్కువ, నీడలు పొడుగ్గా ఉండి నేల ఎత్తుపల్లాలు బాగా కనిపిస్తాయి.

ఇంకొక జాగ్రత్త. దించేటప్పుడు నిట్టనిలువుగా, వేగంగా దించకూడదు. తాను కిందికి నెట్టిన గాలి సుడిలోనే తాను పడి యంత్రం ఊగిసలాడుతుంది. కొంచెం ముందుకు జరుపుతూ వాలుగా దించాలి.

ఇప్పుడు రెండో ప్రశ్న. పోయిన సంక్రాంతి సెలవుల్లో మా చేను మీద 30 మీటర్ల ఎత్తున చక్కగా నిలబడి ఉన్నది యంత్రం. ఉన్నట్టుండి ఒక మూల వంగింది, పల్టీలు కొడుతూ రాయి పడినట్టు పడింది. నా చేతిలో రిమోటు ఉంది గానీ దానితో చేసేదేమీ లేదు. ఒక మోటారు తీగకు నేను వేసిన టంకం ఊడింది. తీగ సరిగా వేడెక్కకముందే టంకం పోశాను. అతుకు మెరవకుండా బూడిదరంగులో, గరుకుగా ఉండింది. చూసి కూడా పట్టించుకోలేదు. హెలికాప్టరు ఇంజను ఆగిపోయినా పైలటు రెక్కల కోణం మార్చి, గాలి తాకిడికే అవి తిరిగేటట్టు చేసి దించగలడు. మన క్వాడ్‌కాప్టరు రెక్కల కోణం మారదు. నాలుగింటిలో ఒకటి ఆగితే దాని మూలను పట్టుకునేవాడు లేడు. పరిశోధనశాలల్లో మూడు మోటార్లతోనే బొంగరంలా తిప్పుతూ దించిన సందర్భాలు ఉన్నాయి, కానీ నా బోర్డుకు ఆ విద్య రాదు.

గాలి నిరోధం వదిలేస్తే 30 మీటర్లనుంచి పడటానికి రెండున్నర సెకన్లు. నేలను తాకే వేగం గంటకు 87 కి.మీ. శక్తి సుమారు 400 జౌళ్ళు. గంటకు 140 కి.మీ. వేగంతో వచ్చే క్రికెట్ బంతికి ఉండేది 120 జౌళ్ళు. గాలి కొంత తగ్గించిందనుకున్నా బంతికి రెండు రెట్లకు తక్కువ ఉండదు. దున్నిన నేల కాబట్టి ఒక చెయ్యి జానెడు లోతు దిగబడింది. మిత్రుడిదగ్గర తెచ్చిన కెమెరా అద్దం పగిలింది. మా నాయన ఇరవై అడుగుల దూరంలో గట్టుమీద నిలబడి ఉన్నాడు. దగ్గరికి వచ్చి చూసి, "ఎనుము మీద పడింటే ఏంరా గతి?" అన్నాడు. తనమీద పడే సంగతి ఆయనకు తట్టలేదు. నాకు మాత్రం ఆ రాత్రి నిద్రపట్టలేదు.

వార్షికోత్సవం రోజున మైదానంలో నాలుగు వందలమందికి పైగా ఉన్నారు. "ఐదు నిమిషాలే కదరా" అన్నారు మిత్రులు. పై లెక్కంతా కాగితం మీద వేసి చూపించాను. చూడలేదు. "భయం ఉన్నవాడివి ఎందుకు కట్టావు?" అన్నారు. గోడ అవతల ఖాళీ స్థలంలో, జనానికి 40 మీటర్ల ఎడంగా నిలబెట్టి 30 మీటర్ల ఎత్తునుంచి తీశాను. ఎంత ఎత్తున ఉంటే పక్కకు కనీసం అంత దూరం ఉండాలని నేను పెట్టుకున్న కొలత. ముందుకు పోతూ పడితే నిలువుగా పడదు కదా. స్టేజీ మీది నాట్యం చిన్నదిగా కనిపించిన మాట నిజమే. ఇద్దరు మిత్రులు ఇప్పటికీ నాతో సరిగా మాట్లాడటం లేదు.

చట్టం సంగతి రెండు ముక్కలు. 2021 ఆగస్టులో వచ్చిన డ్రోన్ నియమాలు 250 గ్రాములనుంచి 2 కిలోల వరకు ఉన్నవాటిని మైక్రో తరగతిలో పెట్టాయి. మ్యాపులో ఆకుపచ్చ, పసుపు, ఎరుపు ప్రాంతాలుగా గీశాయి. ఆకుపచ్చ ప్రాంతంలో 400 అడుగుల వరకు విడిగా అనుమతి అక్కరలేదన్నాయి. విమానాశ్రయాల చుట్టూ, నిషిద్ధ స్థలాల్లో కుదరదు. కట్టేముందు నమోదు సంగతి, ఎగరేసే ముందు మ్యాపు సంగతి ప్రతిసారీ చూసుకోవాలి.

బ్యాటరీని మంచంమీద, పుస్తకాల మధ్య చార్జింగు పెట్టకండి. ఉబ్బినదాన్ని వాడకండి. సెల్లు 4.2 వోల్టులు దాటకూడదు. ఎగిరేటప్పుడు 3.5కు దిగిందంటే యంత్రాన్ని దించెయ్యాలి. హాస్టల్లో నేను ఇసుక పోసిన మట్టికుండ పక్కన, సిమెంటు నేలమీద, ఎదురుగా కూర్చొని చార్జి చేస్తాను. మా గది మిత్రుడు దాన్ని కుండపూజ అంటాడు.

ఊడిన ఆ అతుకుతో బాటు మిగిలిన పదకొండు అతుకులూ విప్పి మళ్ళీ వేశాను. ఇప్పుడు అన్నీ మెరుస్తున్నాయి. చూడదలచినవారు ఆదివారం ఉదయం ఆరున్నరకు కాలేజి వెనక మైదానానికి రావచ్చు. గోడ దగ్గర నిలబడాలి. గాలి లేచిందంటే ఆ రోజుకు ఎగరెయ్యను.