పై అధికారి మాట - దాని అర్థము

"మీ పని ఫరవాలేదు గాని, ఇంకను శ్రద్ధ వహింపవలెను." కార్యాలయములలో ఈ వాక్యమును వినని ఉద్యోగి అరుదు. విన్న నాటి రాత్రి అతనికి నిద్ర పట్టదు. ఏ పనిలో శ్రద్ధ లోపించినది? కాగితము ఆలస్యమైనదా, లెక్క తప్పినదా, లేక ఎవరేని చాడీలు చెప్పిరా? ఒకడు భయపడి ప్రతి కాగితమును మూడుసార్లు తిరుగవ్రాయును. అందువలన పని మరింత ఆలస్యమగును. మరియొకడు అవమానముగా భావించి మొగము ముడుచుకొనును. ఇద్దరిలో ఎవరును పోయి అడుగరు.

గోదావరి మండలముల వారికి ఈ విషయము బోధపడుటకు ధవళేశ్వరము చాలును. వరద దినములలో "నీరు ఎక్కువగా నున్నది" అని మాత్రమే చెప్పినచో లంకలోని రైతు ఏమి చేయగలడు? పశువులను గట్టు మీదికి తోలవలెనా, పడవ కొరకు చూడవలెనా, ఇంటనే యుండవచ్చునా, ఏమియు తెలియదు. అందుచేతనే ఆనకట్ట వద్ద కొలబద్ద యున్నది. నీటిమట్టము 11.75 అడుగులకు చేరినచో మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75 అడుగులకు రెండవది, 17.75 అడుగులకు మూడవది. అంకె వినగానే అధికారికిని, లంక రైతునకును తమ తమ పని తెలియును. పై అధికారి మాటకు ఇట్టి కొలత ఒకటి రాబట్టుకొనుటయే క్రింది ఉద్యోగి నేర్వవలసిన విద్య.

బసవేశ్వరుడును 12వ శతాబ్దమున కల్యాణములో బిజ్జలుని కొలువున ఉద్యోగము చేసినవాడే గదా. రాజధనమును జంగములకు వెచ్చించుచున్నాడని కొందరు బిజ్జలునితో కొండెములు చెప్పిన కథ పాల్కురికి సోమనాథుని బసవపురాణమున కలదు. ధనమును ఎంచి చూడగా తగ్గలేదు. భక్తులు దీనిని మహిమగా గ్రహింతురు. ఉద్యోగి దృష్టితో చూచినచో మరియొక సంగతి కానవచ్చును: ఆ నింద ఎంచి చూడదగినది. బొక్కసము తెరచి మాడలను లెక్కింపవచ్చును. "బసవని యందు ఏదియో కొరత యున్నది" అని మాత్రమే చెప్పియుండినచో ఆయన దేనిని తెరచి చూపగలడు?

ప్రభుత్వోద్యోగులకు ఈ బాధ చిరకాలము నుండి కలదు. ఏటేట వ్రాయు రహస్య నివేదికలో "సామాన్యము" అను మాట పడినచో, వ్రాసినవారికి తప్ప ఇతరులకు కారణము తెలియకుండెడిది. ప్రతికూల వ్యాఖ్యను ఉద్యోగికి తెలుపకుండ దాని ఆధారమున పదోన్నతిని నిరాకరింపరాదని 1979లో గురుదయాళ్ సింగ్ ఫిజ్జీ వ్యాజ్యమున సుప్రీంకోర్టు చెప్పెను. తెలిపినగాని సరిదిద్దుకొనుటకును, సంజాయిషీ ఇచ్చుకొనుటకును వీలుండదు కదా. అయినను ప్రతికూలమనగా ఏది యను చిక్కు మిగిలెను. సరిహద్దు రహదారుల శాఖలో ఇంజనీరగు దేవ్ దత్తునకు 1993-94 నివేదికలో "మంచిది" అని వ్రాసిరి. మంచిదను మాటను నింద యని ఎవరందురు? కాని పై పదవికి "చాల మంచిది" కావలసి యుండెను. ఆ తేడా వలన అతనికి పదోన్నతి లభింపలేదు. మెప్పైనను తెగడ్తయైనను ప్రతి వ్యాఖ్యను తెలుపవలెనని 2008 మే 12న సుప్రీంకోర్టు తీర్పు చెప్పెను. 2009లో కేంద్ర ప్రభుత్వము దానిని పనితీరు మదింపు నివేదికగా పేరు మార్చి, పూర్తి పాఠమును ఉద్యోగికి ఇచ్చునట్లును, అతడు 15 దినములలో విన్నపము చేసికొనునట్లును ఏర్పరచెను. 2013లో సుఖ్‌దేవ్ సింగ్ వ్యాజ్యమున ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనము 2008 నాటి తీర్పును స్థిరపరచెను.

ఈ తీర్పుల వలన కాగితము చేతికి వచ్చును. అందలి మాటకు అర్థమును మాత్రము ఉద్యోగియే రాబట్టుకొనవలెను. దుకాణమునను, బియ్యపు మిల్లునందును పనిచేయువారికి ఆ కాగితమైనను ఉండదు.

అడుగుటకు ఒక పద్ధతి కలదు. "నా తప్పేమి?" అని అడిగినచో పై అధికారి మాట తప్పించును. ఎదుటివాని తప్పును మొగము మీద చెప్పుట చాలమందికి కష్టము. (అందులో ఆనందించువారును కొందరు కలరు, వారి సంగతి వేరు.) పని పేరును, తేదీని పెట్టి అడుగవలెను. నీటితీరువా పట్టికలు వ్రాయు గుమాస్తా, "గత నెల పట్టికలలో తమకు కనబడిన లోపము ఆలస్యమా, అంకెల పొరపాటా? వచ్చే నెల 5వ తేదీకి ఏ విధముగా నున్నచో సరిపోవునండీ?" అని అడిగినచో జవాబు చెప్పక తప్పదు. ఆ జవాబు తరచుగా మిక్కిలి చిన్నది. పట్టిక క్రింద మొత్తము వేయకపోవుటచే తాను జిల్లా కార్యాలయమున నలుగురిలో తెల్లమొగము వేయవలసి వచ్చినదని ఆయన చెప్పవచ్చును. పై అధికారికిని పైన ఒక అధికారి యున్నాడను సంగతిని ఉద్యోగులు మరచుచుందురు.

నలుగురి యెదుట అడుగరాదు. జవాబు వచ్చిన పిమ్మట దానిని తన మాటలలో రెండు పంక్తులుగా వ్రాసి, "తాము సెలవిచ్చినది ఇట్లు గ్రహించితిని, పొరపాటున్నచో తెలుపగోరెదను" అని ఇచ్చుట మేలు. నోటిమాట వారము తిరుగునప్పటికి ఇద్దరి జ్ఞాపకములలో రెండు విధములుగా నుండును.

కొన్నిచోట్ల పై అధికారికే తనకేమి కావలెనో స్పష్టముగా తెలియదు. అట్టివానిని గ్రుచ్చి గ్రుచ్చి అడుగుట వలన కోపమే మిగులును. రెండు నమూనాలు వ్రాసి ముందుంచినచో, కావలసినది చెప్పలేనివాడును వలదనునది చూపగలడు.

ఇక కక్షతో అనిన మాట. ఎన్నిసార్లు మర్యాదగా అడిగినను పని పేరు గాని తేదీ గాని బయటికి రాకపోవుటయే దానికి గుర్తు. అట్టియెడ ఉద్యోగి తాను చేసిన పనిని తేదీలతో ఒక పుస్తకమున వ్రాసికొనుచుండవలెను. నివేదిక చేతికందిన పిమ్మట 15 దినములనునవి చాల స్వల్పము. పుస్తకమున్నవాడు ఒక పూటలో విన్నపము వ్రాయగలడు. లేనివాడు పాత దస్త్రములను వెదకుకొనుచుండగనే గడువు తీరును.