నల్లరేగడి తెలిసినవాళ్లకు నిర్మాణ రంగంలో కొత్త కొలువులు

దసరా, దీపావళి దాటాయంటే కోసిగి, పెద్దకడబూరు, మంత్రాలయం వైపు ఊళ్లలో సుగ్గికి, అంటే వలస పనులకు, పోయే కుటుంబాలు మూటాముల్లె సర్దుకుంటాయి. కొందరు గుంటూరు మిరప కోతలకు పోతారు, కొందరు బెంగళూరు, హైదరాబాదు బిల్డింగు పనులకు. కర్నూలు పడమటి ప్రాంతం నుంచి నిర్మాణ రంగానికి ఇన్నేళ్లుగా అందింది ఎక్కువగా రెక్కల కష్టమే. పునాది తవ్వేవాళ్లు, కడ్డీలు వంచేవాళ్లు, కాంక్రీటు మోసేవాళ్లు ఇక్కడి నుంచి పోయారు. కొలిచేవాళ్లు, లెక్క కట్టేవాళ్లు, నాణ్యత చూసి సంతకం పెట్టేవాళ్లు మాత్రం చాలావరకు వేరేచోటి నుంచి వచ్చారు. ఇప్పుడు ఆ రంగం తీరే మారుతోంది. మోసే పని యంత్రాలకు పోతోంది. కొలిచే పని, పరీక్షించే పని పెరుగుతోంది. ఆదోని, ఎమ్మిగనూరు, కోడుమూరుల్లో పదో తరగతి, ఇంటర్, డిగ్రీ చదువుతున్న పిల్లలు ఆ రెండో వరుసలోకి చేరడానికి ఇదే అదను.

ఈ మార్పు చూడాలంటే బెంగళూరు దాకా పోనక్కర్లేదు. కర్నూలు జగన్నాథగట్టు మీద ప్రభుత్వం కట్టించిన టిడ్కో ఇళ్లను చూడండి. ఆదోని, ఎమ్మిగనూరుల్లోనూ ఉన్నాయి. అవి షేర్‌వాల్ పద్ధతిలో కట్టినవి. అల్యూమినియం పలకలను గది ఆకారంలో బిగిస్తారు. లోపల కడ్డీలు, కరెంటు పైపులు ముందే అమర్చి గోడలు, పైకప్పు కలిపి ఒకేసారి కాంక్రీటు పోస్తారు. గట్టిపడ్డాక పలకలు విప్పి పై అంతస్తుకు ఎక్కిస్తారు. ఇటుక కట్టుబడి ఉండదు, ప్లాస్టరింగ్ పని చాలా తగ్గిపోతుంది. తాపీ, తూకం గుండు, మూలమట్టం పట్టుకుని ఇల్లు నడుపుకొచ్చిన మేస్త్రీకి అక్కడ పెద్దగా పని దొరకదు. డ్రాయింగ్ చదివి ఏ నంబరు పలక ఎక్కడ పడాలో చెప్పగల సూపర్‌వైజర్‌కూ, పోతకు ముందు ప్రతి పైపు చోటూ సరిచూసే టెక్నీషియన్‌కూ చేతినిండా పని. పోశాక తప్పు తేలితే కాంక్రీటు గోడనే పగలగొట్టాలి మరి.

ఆ తప్పును కంప్యూటర్‌లోనే పట్టుకోవడానికి వచ్చింది బిమ్ అనే పద్ధతి. భవనం మొత్తాన్ని త్రీడీలో కట్టి చూస్తారు. డ్రైనేజీ పైపు ఎక్కడైనా బీమును చీల్చుకుని పోతుంటే సాఫ్ట్‌వేర్ ముందే చూపిస్తుంది. ఎన్ని టన్నుల కడ్డీ, ఎన్ని ఘనపు మీటర్ల కాంక్రీటు అన్నదీ ఆ నమూనాలోంచే తీస్తారు. ఆటోక్యాడ్ తర్వాత బిమ్ సాఫ్ట్‌వేర్ రెవిట్ నేర్చుకున్న డిప్లొమా విద్యార్థికి హైదరాబాదు, బెంగళూరు డిజైన్ ఆఫీసుల్లో దారి ఉంది. ఒక హెచ్చరిక మాత్రం గట్టిగా చెబుతాను. ‘మూడు నెలల్లో బిమ్ కోర్సు, గ్యారంటీ ఉద్యోగం’ అన్న ఫ్లెక్సీ చూసి అప్పు చేయకండి. సైట్‌లో సెంట్రింగ్ ఎలా కొడతారో చూడనివాడు గీసిన నమూనా ఎంత అందంగా ఉన్నా కట్టడానికి పనికిరాదు. ముందు ఒక ఎండాకాలమైనా సైట్‌లో గడిపి, ఆ తర్వాత సాఫ్ట్‌వేర్ దగ్గరికి రండి.

సర్వే పనిలో మార్పు ఇంకా వేగంగా వచ్చింది. ఒకప్పుడు గొలుసు పట్టుకుని పొలాలు కొలిచేవాళ్లు. మన రాష్ట్రంలో 2020 డిసెంబరులో మొదలైన భూముల రీసర్వేలో డ్రోన్లు, ఉపగ్రహ సంకేతాలతో పనిచేసే కార్స్ స్టేషన్లు వాడారు. అంతకుముందు 2019లో గ్రామ సచివాలయాలకు సర్వేయర్లను తీసుకున్నప్పుడు సివిల్ డిప్లొమా, బీటెక్‌ వాళ్లతో పాటు డ్రాఫ్ట్స్‌మన్ సివిల్ ఐటీఐ చేసినవాళ్లకూ అర్హత ఇచ్చారు. రెండేళ్ల ఐటీఐ చదువుతో ప్రభుత్వ కొలువు అందుకునే దారి అది. ‘ఐటీఐనా?’ అని ముఖం చిట్లించే తల్లిదండ్రులు ఈ సంగతి గుర్తుపెట్టుకోవాలి.

డ్రోన్ నడపడానికి పెద్ద డిగ్రీ అవసరం లేదు. పద్దెనిమిదేళ్లు నిండి పదో తరగతి పాసైతే, డీజీసీఏ గుర్తింపు ఉన్న శిక్షణ సంస్థలో నేర్చుకుని రిమోట్ పైలట్ సర్టిఫికెట్ తీసుకోవచ్చు. ఓర్వకల్లు దగ్గర 300 ఎకరాల్లో డ్రోన్ హబ్ పెడతామని ముఖ్యమంత్రి చంద్రబాబు 2024 అక్టోబరులో ప్రకటించారు కాబట్టి ఈ జిల్లా పిల్లలకు ఆసక్తి ఎక్కువే ఉంటుంది. కానీ ఎగరేయడం చిన్న పని. తీసుకొచ్చిన వందల ఫొటోలను కలిపి కొలతలున్న పటంగా మార్చడం, గుట్టగా పోసిన మట్టి ఎన్ని ఘనపు మీటర్లో తేల్చడం, ఆ అంకెను నేల మీద టోటల్ స్టేషన్ అనే సర్వే పరికరంతో సరిపోల్చడం అసలు పని. జీతం ఆ పనికే ఇస్తారు. ఇంటర్‌లో త్రికోణమితి అంటే భయపడినవాళ్లు మళ్లీ ఆ పుస్తకం తెరవక తప్పదు.

ఇక మన నేల సంగతి. కోడుమూరు నుంచి గోనెగండ్ల, ఎమ్మిగనూరు మీదుగా ఆదోని పోయే దారిలో చాలాచోట్ల నల్లరేగడే. పత్తికి బంగారం లాంటి నేల ఇంటికి మాత్రం శత్రువు. వాన పడితే ఉబ్బుతుంది, ఎండ కాస్తే కుంచించుకుపోయి చెయ్యి పట్టేంత నెర్రెలిస్తుంది. ఉబ్బినప్పుడు పునాదిని పైకి నెడుతుంది, ఆరినప్పుడు వదిలేస్తుంది. కిటికీ మూల నుంచి ఏటవాలుగా పాకే బీట చాలా ఇళ్లలో అలా వచ్చిందే. మేస్త్రీ సిమెంటు పూసి మూస్తాడు, మరుసటి ఏడు అది మళ్లీ తెరుచుకుంటుంది.

దీన్ని పట్టుకునే పరీక్ష ఎంత తేలికో చూడండి. మట్టిని ఎండబెట్టి, దంచి, సన్న జల్లెడ పట్టి పదేసి గ్రాముల చొప్పున రెండు పాళ్లు తీస్తారు. వంద మిల్లీలీటర్ల గాజు కొలజాడీల్లో ఒకదాంట్లో నీళ్లు, రెండోదాంట్లో కిరసనాయిలు పోసి ఆ పాళ్లు వేస్తారు. ఒక రోజు కదపకుండా ఉంచుతారు. కిరసనాయిలులో మట్టి ఉబ్బదు, నీళ్లలో ఉబ్బుతుంది. రెండింటి తేడాను శాతంగా లెక్క కడితే ఆ నేల గుణం బయటపడుతుంది. 50 శాతం దాటిందంటే మామూలు పునాది మీద నమ్మకం పెట్టుకోకూడదు. అలాంటి నేలకు రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థ అండర్‌రీమ్డ్ పైల్ పద్ధతిని అభివృద్ధి చేసింది. నేలలోకి సన్నటి గుంత తోడి, అడుగున గంట ఆకారంలో వెడల్పు చేసి కాంక్రీటు నింపుతారు. ఎండావానలకు తేమ మారేది పై కొన్ని మీటర్లలోనే. అంతకు కింద, కదలని నేలలో ఆ గంట ఇల్లును పట్టి ఉంచుతుంది.

సుస్థిర నిర్మాణం అనగానే సోలార్ పలకలు, గోడల మీద మొక్కలు గుర్తొస్తాయి. నా దృష్టిలో కట్టిన ఇల్లు పదేళ్లకే కూల్చి మళ్లీ కట్టాల్సిన అవసరం రాకపోవడమే అన్నిటికన్నా పెద్ద పర్యావరణ సేవ. అందుకు మట్టి పరీక్ష చేసేవాళ్లు ప్రతి మండలంలో కావాలి. ఈ ప్రాంతంలో ఇల్లు కట్టేవాళ్లలో ఎంతమంది ముందుగా మట్టి పరీక్ష చేయిస్తున్నారు? ఇద్దరు ముగ్గురు సివిల్ డిప్లొమా మిత్రులు కలిసి ఆదోనిలోనో ఎమ్మిగనూరులోనో చిన్న మట్టి, కాంక్రీటు పరీక్షల కేంద్రం పెట్టుకోవడం నాకు కనిపిస్తున్న మంచి స్వయం ఉపాధి. కొన్నేళ్లు పెద్ద ల్యాబ్‌లో పనిచేసి, ఆ అనుభవంతో ఊరికి తిరిగొచ్చి మొదలుపెట్టాలి.

వేడి మరో సమస్య. మే నెల మధ్యాహ్నం శ్లాబ్ కింద ఫ్యాన్ వేసుకున్నా నిద్ర పట్టదు. మన పాత మట్టిమిద్దెల్లో దూలాలు, దంతెల మీద చవుడు మట్టి మందంగా పరిచేవాళ్లు, గవాచిలోంచి వెలుతురూ గాలీ వచ్చేవి. వాటిని మళ్లీ కట్టమని నేను చెప్పను. ముసురు పట్టిన రాత్రి పాత మిద్దె కూలి జనం చనిపోయిన వార్తలు మనం చదువుతూనే ఉన్నాం. కానీ మందమైన కప్పు, నీడ, గాలి దారి అన్న ఆ లెక్కను కొత్త సామగ్రితో సాధించాలి. హైదరాబాదులో సీఐఐ గోద్రెజ్ గ్రీన్ బిజినెస్ సెంటర్ చేసిందదే. నడిమధ్య ఆరుబయలు, జాలీ గోడలు, కప్పు మీద తోట ఉన్న ఆ భవనాన్ని 2004లో రాష్ట్రపతి అబ్దుల్ కలాం ప్రారంభించారు. అమెరికా బయట లీడ్ అనే గ్రీన్ బిల్డింగ్ పద్ధతిలో ప్లాటినం రేటింగ్ పొందిన మొదటి భవనం అది. తెలంగాణ 2023లో ఎండ వేడిని తగ్గించే పైకప్పుల కోసం కూల్ రూఫ్ విధానమే తెచ్చింది. గ్రీన్ రేటింగ్ పనుల్లోకి వెళ్లాలనుకునే ఇంజినీర్లు, ఆర్కిటెక్టులు ఇండియన్ గ్రీన్ బిల్డింగ్ కౌన్సిల్ నిర్వహించే అక్రెడిటెడ్ ప్రొఫెషనల్ పరీక్ష రాయవచ్చు.

సిమెంటు దగ్గర బీఎస్సీ కెమిస్ట్రీ వాళ్లకు ఒక మాట. ప్రపంచం వదిలే కార్బన్ డయాక్సైడ్‌లో సుమారు 7–8 శాతం సిమెంటుదే. బొగ్గు మండించడం ఒక్కటే కారణం కాదు. సున్నపురాయిని దాదాపు 1450 డిగ్రీల వేడిలో క్లింకర్‌గా మారుస్తుంటే ఆ రాయిలోంచే వాయువు విడుదలవుతుంది. స్విట్జర్లాండ్, క్యూబా పరిశోధకులతో కలిసి ఐఐటీ ఢిల్లీ, ఐఐటీ మద్రాస్ ఎల్‌సీ3 అనే సిమెంటు మీద పనిచేశాయి. ఇందులో క్లింకర్ దాదాపు సగం తగ్గుతుంది. ఆ స్థానంలో 700–850 డిగ్రీల్లో కాల్చిన బంకమట్టి, కాల్చని సున్నపురాయి పొడి కలుపుతారు. ఉద్గారాలు 40 శాతం దాకా తగ్గించవచ్చు. భారతీయ ప్రమాణాల సంస్థ 2023లో దీనికి ప్రమాణం ఇచ్చింది. బేతంచర్ల నాపరాయి ఫ్యాక్టరీల చుట్టూ ముక్కలు, పొడి గుట్టలుగా పడి ఉన్నాయి. కొలిమిగుండ్ల, నంద్యాల వైపు సిమెంటు కర్మాగారాలు ఉన్నాయి. ఆ వృథా పొడి ఎందులో ఎంత కలపవచ్చో ఆలోచించే కెమిస్ట్రీ విద్యార్థి ఎంఎస్సీ ప్రాజెక్టు కోసం ఎక్కడికో పోనవసరం లేదు. సిమెంటు కర్మాగారాల క్వాలిటీ ల్యాబుల్లోకీ ఇదే చదువు తీసుకెళ్తుంది.

గని, శకునాల దగ్గర 2017లో పూర్తయిన 1000 మెగావాట్ల సోలార్ పార్కు, పిన్నాపురం పంప్డ్ స్టోరేజీ లాంటివి కరెంటు ప్రాజెక్టులే అయినా వాటి కింద సివిల్ పని చాలా ఉంటుంది. సోలార్ పలకల కాళ్లు గాలికి పెళ్లగిలకుండా నేలలో ఎంత పట్టు ఉందో లాగి చూసే పరీక్షలు కూడా సివిల్ వాళ్లవే. త్రీడీ ప్రింటింగ్‌తో కట్టే భవనాల గురించీ చాలామంది అడుగుతారు. బెంగళూరు కేంబ్రిడ్జ్ లేఅవుట్‌లో 2023లో ప్రారంభమైన పోస్టాఫీసును ఎల్ అండ్ టీ, ఐఐటీ మద్రాస్ సాంకేతిక సహకారంతో అలాగే కట్టింది. చూడదగ్గదే. కానీ ఉద్యోగాల లెక్కలో ఇంకా చిన్నది, దాన్నే నమ్ముకుని కోర్సు ఎంచుకోవద్దు.

దారులు తెలిసినవే. పదో తరగతి తర్వాత పాలిసెట్ రాసి మూడేళ్ల సివిల్ డిప్లొమా. నంద్యాల ఈఎస్‌సీ ప్రభుత్వ పాలిటెక్నిక్ ఈ ప్రాంతానికి పాత పేరు. డిప్లొమా తర్వాత ఈసెట్‌తో నేరుగా బీటెక్ రెండో ఏడు. కర్నూలు జి.పుల్లారెడ్డి ఇంజినీరింగ్ కాలేజీ లాంటిచోట్ల సివిల్ ఉంది. కంప్యూటర్ సైన్స్ మోజులో సివిల్ సీట్లు మిగిలిపోవడం నాకు బాధగా ఉంటుంది, ఆసక్తి ఉన్నవాళ్లకు మాత్రం అది అవకాశం. విజయవాడలోని స్కూల్ ఆఫ్ ప్లానింగ్ అండ్ ఆర్కిటెక్చర్‌లో చేరాలంటే జేఈఈ మెయిన్ రెండో పేపరు రాయాలి. చదువు మధ్యలో ఆపేసినవాళ్లకు 1998లో హైదరాబాదులో మొదలైన నేషనల్ అకాడమీ ఆఫ్ కన్‌స్ట్రక్షన్ (న్యాక్) ఉంది. విభజన తర్వాత మన రాష్ట్రానికీ న్యాక్ వేరుగా ఏర్పడింది. ఇప్పటికే పనిలో ఉన్న అన్నలు, నాన్నలు రికగ్నిషన్ ఆఫ్ ప్రయర్ లెర్నింగ్ కింద తమ నైపుణ్యానికి సర్టిఫికెట్ తీసుకోవచ్చు. భవన నిర్మాణ కార్మికుల సంక్షేమ బోర్డులో పేరు నమోదుకు వయసు 18 నుంచి 60 మధ్య ఉండాలి, గడిచిన ఏడాదిలో కనీసం 90 రోజులు పనిచేసి ఉండాలి.

చదువు పూర్తయి మొదటి ఇంటర్వ్యూకు వెళ్లినప్పుడు జీతం గురించి అడిగే ముందు ఇంకో రెండు విషయాలు అడగండి. సైట్‌లో టెస్టింగ్ ల్యాబ్ ఉందా? కాంక్రీటు పోసిన ప్రతిసారీ తీసే 15 సెంటీమీటర్ల క్యూబులను 7వ రోజు, 28వ రోజు పగలగొట్టి రిజిస్టరు ఎవరు రాస్తారు? ఆ రిజిస్టరు మీ చేతికిచ్చే కంపెనీ అయితే జీతం రెండు మూడు వేలు తక్కువైనా అక్కడే చేరండి.