సోలార్ కొటేషన్ కంటే ముందు: మీ అపార్ట్‌మెంట్ కరెంటు ఎక్కడికి పోతోందో ఫోన్‌తోనే లెక్క తేల్చండి

హైదరాబాద్‌లో చాలా అపార్ట్‌మెంట్ అసోసియేషన్ మీటింగుల్లో ఇప్పుడు సోలార్ మాట వినిపిస్తోంది. 2024 ఫిబ్రవరిలో మొదలైన పీఎం సూర్య ఘర్ పథకంలో అసోసియేషన్ల కామన్ అవసరాలకు కిలోవాట్‌కు రూ.18,000 సబ్సిడీ ఉంది కాబట్టి ఆ ఆసక్తి సహజమే. కానీ "మనకి ఎన్ని కిలోవాట్లు కావాలి?" అని అడిగితే మాత్రం వెండర్ ఇచ్చిన కొటేషన్ చూపిస్తారు. పదిహేనేళ్ల పాత బిల్డింగ్‌లో ముందు తెలియాల్సింది కరెంటు ఎటు పోతోందని. అందుకు ఖరీదైన గాడ్జెట్లేమీ అక్కర్లేదు.

ఈపీఐ అంటే ఏంటి?

చదరపు మీటరుకు ఏడాదికి ఎన్ని యూనిట్లు ఖర్చవుతున్నాయో చెప్పే అంకె ఇది. పూర్తి పేరు ఎనర్జీ పెర్ఫార్మెన్స్ ఇండెక్స్. బండి మైలేజీ లాంటిదే, కాకపోతే ఇక్కడ అంకె తగ్గితేనే మంచిది. 1,200 చదరపు అడుగుల ఫ్లాటు అనుకోండి. 10.76తో భాగిస్తే సుమారు 111 చదరపు మీటర్లు. 12 బిల్లులు కలిపితే 2,800 యూనిట్లు వచ్చాయంటే ఈపీఐ 25. ఒక్క మే నెల బిల్లుతోనో, ఒక్క డిసెంబర్ బిల్లుతోనో ఈ లెక్క వేస్తే తప్పుదారి పడతారు.

కేంద్రం 2018లో తెచ్చిన ఎకో నివాస్ సంహిత గోడలు, కిటికీలు, పైకప్పు ఎంత వేడిని లోపలికి వదులుతాయో చూస్తుంది. అది ప్రధానంగా కొత్త కట్టడాల డిజైన్ కోసం. ఇప్పటికే జనం ఉంటున్న బిల్డింగ్‌కి బిల్లే నమ్మకమైన సాక్షి అని నా అభిప్రాయం. అయితే ఇద్దరున్న ఫ్లాటుని ఆరుగురున్న ఫ్లాటుతో పోల్చకండి. ఒకే ప్లాన్, దాదాపు ఒకే కుటుంబ సైజు ఉన్నవాటినే పక్కపక్కన పెట్టండి.

కామన్ మీటర్ లైటు చూడండి

డిజిటల్ మీటర్ మీద మెరిసే చిన్న ఎర్ర లైటు ఉంటుంది. దాని పక్కనే ఒక యూనిట్‌కి ఎన్ని మెరుపులో రాసి ఉంటుంది. అది 1,600 అనుకుందాం. ఫోన్‌లో వీడియో తీసి 10 మెరుపులకు ఎన్ని సెకన్లు పట్టిందో చూడండి. 36,000ని ఆ 1,600తో, తర్వాత సెకన్లతో భాగిస్తే కిలోవాట్లు వచ్చేస్తాయి. 6 సెకన్లు పడితే 3.75 కిలోవాట్లు, అంటే మోటారు నడుస్తోందన్నమాట. బిల్లులో ఎంఎఫ్ దగ్గర 1 కాకుండా వేరే అంకె ఉంటే దాంతో కూడా గుణించాలి.

ఇదే పని అర్ధరాత్రి, మోటార్లు ఆగి లిఫ్ట్ ఖాళీగా ఉన్నప్పుడు చేయండి. 45 సెకన్లు పడితే అర కిలోవాట్. అంత లోడు పగలూ రాత్రీ ఉంటే నెలకు 360 యూనిట్లు. పగలు కూడా వెలిగే సెల్లార్ లైట్ల సంగతి ఇక్కడే బయటపడుతుంది.

అసలు కథ నీళ్లది. 30 ఫ్లాట్లు, ఫ్లాటుకి రోజుకు 600 లీటర్లు అనుకుంటే మొత్తం 18,000 లీటర్లు. సంపు నుంచి 20 మీటర్ల ఎత్తులోని ట్యాంకుకి ఎక్కించడానికి భౌతికశాస్త్రం ప్రకారం ఒక్క యూనిట్ చాలు. మోటారు, పైపుల్లో పోయేది కలుపుకుంటే 3 యూనిట్లు వేసుకోండి. అవే నీళ్లు బోరులో 200 మీటర్ల లోతు నుంచి రావాలంటే? పది రెట్లు, అంటే రోజుకు 30 యూనిట్లు! నెలకు 900. అందుకే పై ఫ్లాటులో కారుతున్న ఫ్లష్ ట్యాంకు నీళ్ల సమస్యే కాదు, కరెంటు సమస్య కూడా. ఇంకో మాట, బోరు ఎండి ట్యాంకర్లు తెప్పించిన నెలల్లో ఈ యూనిట్లు పడిపోతాయి. ఆ బిల్లులు చూసి మురిసిపోకండి, ఖర్చు ట్యాంకర్ ఖాతాలోకి మారిందంతే.

పై అంతస్తు గొడవ

టెర్రస్‌కి కూల్ పెయింట్ వేద్దామంటే "లాభం పై ఫ్లోర్ వాళ్లకే కదా, మేమెందుకు కట్టాలి?" అని కింది వాళ్లు అడుగుతారు. తెలంగాణ ప్రభుత్వం 2023లో కూల్ రూఫ్ పాలసీ తెచ్చినా ఈ ప్రశ్నకు జవాబు మీటింగ్‌లోనే దొరకాలి. అరుపుల బదులు కొలతలు పెట్టండి. ఏప్రిల్‌లో రాత్రి 8 గంటలకు, ఏసీ వేయకముందు, ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్‌తో పై ఫ్లాటు సీలింగ్‌ని, దాని కింది ఫ్లాటులో అదే గది సీలింగ్‌ని కొలవండి. మెరిసే స్టీలు మీద ఈ గన్ తప్పు చూపిస్తుంది, మామూలు పెయింటు మీద పర్వాలేదు. ఆ తేడా పక్కన రెండు ఫ్లాట్ల ఈపీఐలు కూడా పెడితే చర్చ దారిలో పడుతుంది. నన్నడిగితే టెర్రస్ అందరిదీ, ఖర్చూ అందరిదే.

ఫ్లాటు లోపల ఏసీని కొలవాలంటే 16 ఆంప్స్ స్మార్ట్ ప్లగ్ వాడండి, 10 ఆంప్స్‌ది వద్దు. ఫ్యాన్ల సంగతి తెలిసిందే: పాతది 75 వాట్లు, బీఎల్‌డీసీ అయితే 30 దాకా.

ఇప్పుడు సోలార్‌కి వద్దాం. మన ఎండకి కిలోవాట్ ప్యానెల్ రోజుకు సుమారు 4 యూనిట్లు ఇస్తుంది. పై లెక్కలో బోరు 30, సంపు 3, ఎప్పుడూ ఉండే లోడు 12 కలిపి రోజుకు 45 యూనిట్లు. అంటే 11 కిలోవాట్లు కావాలి. లీకులు ఆపి బోరు ఖర్చుని 20కి తెస్తే 9 సరిపోతాయి. లిఫ్ట్ యూనిట్లు దీనికి అదనం, అవి మీ మీటర్ దగ్గర కొలిచి కలుపుకోండి.