మస్కట్‌లో కోనాం, లండన్‌లో నెత్తళ్లు

ఫిషింగ్ హార్బర్ నుంచి పై దేశాలకి వెళ్ళే పిల్లలు బయల్దేరేముందు నా దగ్గరికొచ్చి కూర్చుంటారు. బోటు మీద పనిచేసి, ఆ తర్వాత మస్కట్‌లో చాలాకాలం ఉండొచ్చినవాణ్ణి కదా. ఉద్యోగాల సంగతి వాళ్ళకే బాగా తెలుసు. నేను చెప్పేది తిండి గురించి.

1. ముందు చేపల మార్కెట్ ఎక్కడుందో కనుక్కోండి నాన్నా. మన కొట్లలో ఆవకాయ, అప్పడాలు దొరుకుతాయి, మంచిదే. చేప కావాలంటే మాత్రం మస్కట్‌లో ముత్రా మార్కెట్‌కి, దుబాయ్‌లో దెయిరా వాటర్‌ఫ్రంట్ మార్కెట్‌కి, సింగపూర్‌లో టెక్కాకి పొద్దున్నే పోవాలి. మన కోనాం, అదే వంజరం, అరబ్బుల దగ్గర కనద్. పేరు రాకపోతే వేలు చూపించండి. మొప్ప ఎత్తి ఎరుపు చూడ్డం మీకు ఎవరూ నేర్పక్కర్లేదు.

2. సముద్రం లేని ఊళ్ళో ఉంటే మనలాగే తినేవాళ్ళని వెతకండి. ఎండు నెత్తళ్లు మలేషియావాళ్ళు కొబ్బరిపాల అన్నంతో తింటారు, కొరియావాళ్ళు మరగబెట్టి చారు తీస్తారు, ఫిలిప్పీన్స్‌వాళ్ళు వేయించుకుంటారు. లండన్‌లో మా అబ్బాయికి అవి న్యూ మాల్డెన్‌లో, కొరియావాళ్ళ కొట్లో దొరికాయి. పులస మీద మనసు పోతే వైట్‌చాపెల్‌లో బంగ్లాదేశ్‌వాళ్ళ ఫ్రీజర్ తెరవండి. వాళ్ళ ఇలిష్, మన పులస ఒకే జాతి. గోదారి ఎర్రనీటికి ఎదురీదిన రుచి దానికి రాదు. అయినా పులుసు పెట్టి మర్నాడు తినండి, కడుపు చల్లబడుతుంది.

3. ఎండు చేప కొనేటప్పుడు ఒకటి చేతిలోకి తీసుకుని విరవండి. పుటుక్కుమంటే సరే, వంగితే తేమ ఉన్నట్టు, బూజు పడుతుంది. పొట్ట పసుపు తిరిగి నూనె కంపు కొడితే పాతది. కొరియా నెత్తళ్లు ఉప్పునీళ్ళలో ఉడికించి ఎండబెట్టినవి. ఇసుక ఉండదు, ఘాటూ తక్కువే. మనవి పచ్చివే ఎండకి పోస్తాం కాబట్టి తల తుంచి, నాలుగు నీళ్ళు కడగాలి.

4. వాసనకి సిగ్గుపడకండి. అది మన అమ్మల కష్టం. అలాగని పక్క ఫ్లాట్‌వాళ్ళని ఇబ్బంది పెట్టడమూ తగదు. మూసిన గదిలో వేయించకుండా, నానబెట్టి వంకాయతో చింతపండు పులుసులో ఉడికించండి. అంత గుప్పుమనదు.

5. పట్టుకెళ్ళేది దాచొద్దు. యూరోపియన్ యూనియన్ దేశాల్లోకి సొంతానికి 20 కిలోల దాకా చేప తీసుకెళ్ళనిస్తారు. ఆస్ట్రేలియాలో దిగేముందే ప్రయాణికుల కార్డులో రాసివ్వాలి, రాయకపోతే పెద్ద జరిమానా. టికెట్ కొన్న రోజే ఆ దేశం నియమాలు చదవండి.

6. ఇంటికి ఫోన్ చేసి నెత్తళ్లు అడగడానికీ ఒక కాలం ఉంది. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, మరబోట్లకి వేట నిషేధం. అది ముగిసేసరికి వానలు. మబ్బు పట్టిన రోజు ఎండేసిన చేపకి పురుగు పడుతుంది. సంక్రాంతి దాటాక ఎండ బాగుంటుంది. అప్పుడు కూడా ఆడవాళ్ళు పగలంతా కాకుల్ని తోలుతూ, తిరగేస్తూ, మంచు పడేలోగా ఎత్తి లోపల పెడుతూ మూడు రోజులు కాపలా కాయాలి. అందుకని ఫిబ్రవరిలోనే చెప్పండి, డబ్బు ముందే పంపండి. సొంతవాళ్ళే కదా అని ధర తగ్గించమనకండి. డబ్బు చేతిలో ఉంటే వేలంలో మంచి బుట్ట వాళ్ళే పాడుకుంటారు.