ఐస్ స్కేట్లు: ఎముక నుండి ఉక్కు వరకు

ఉత్తర ఐరోపాలో శీతకాలమున చెరువులు, కాలువలు గడ్డకట్టిపోవును. అప్పుడు పడవ నడువదు, మంచుపై కాలు నిలువదు. ఈ ఇబ్బందికి అచటి ప్రజలు మూడు వేల సంవత్సరములకు పూర్వమే ఉపాయము కనుగొనిరి. గుఱ్ఱము లేక పశువు కాలి ఎముకను ఒకవైపు చదునుగా అరగదీసి, తోలుపట్టీలతో పాదమునకు కట్టుకొనెడివారు.

అయితే ఇది నేటి స్కేటింగ్ కాదు. చదునైన ఎముకకు అంచు లేదు. కాలితో నెట్టబోయిన కాలే ప్రక్కకు జారును. అందుచేత ఒక కఱ్ఱతో మంచును వెనుకకు పొడుచుచు సాగవలసి వచ్చెను. 12వ శతాబ్దపు లండన్ నగరమును వర్ణించిన విలియం ఫిట్జ్‌స్టీఫెన్, యువకులు ఎముకలు కట్టుకొని ఇనుపమొన గల కఱ్ఱలతో దూసుకొనిపోవుటను పేర్కొనెను. ఎదురెదురుగా వచ్చి ఆ కఱ్ఱలతోనే కొట్టుకొని కాళ్లు చేతులు విరుగగొట్టుకొనుటయు ఆయన మరువలేదు. యౌవనము ఏ దేశమున నైనను యౌవనమే!

13, 14 శతాబ్దములలో నెదర్లాండ్స్ ప్రాంతమున కొయ్య అడుగున ఇనుప పలక అమర్చుట వాడుకలోనికి వచ్చెను. అసలు విప్లవము ఇదే యని నా అభిప్రాయము. పలకకు అంచు కలదు. పాదమును వంచి అంచును మంచులో నాటి ప్రక్కకు నెట్టినచో దేహము ముందుకు పోవును. అంతవరకు చేతులు చేసిన పనిని బలమైన తొడకండరములు గైకొనెను. కఱ్ఱతో అవసరము తీరినది. 1498లో అచ్చయిన సెయింట్ లిడ్విన చరిత్రలోని చెక్కబొమ్మలో, మంచుపై పడిన లిడ్విన వెనుక ఒకడు ఒంటికాలిపై జారుచు కనబడును. ఎముకలపై అది సాధ్యము కాదు.

19వ శతాబ్ది మధ్యకాలమున అమెరికాలో ఉక్కు స్కేట్లు వచ్చినవి. జాక్సన్ హేన్స్ అను నర్తకుడు పలకను బూటుకే బిగించి, మంచుపై నృత్యమునకు దారి తీసెను.

ఇంతకు మంచు ఏల జారును? పలక ఒత్తిడికి మంచు కరగి నీరగునని 1886లో జాన్ జోలీ చెప్పిన కారణమునే పాఠ్యపుస్తకములు చిరకాలము బోధించినవి. విజ్ఞానశాస్త్ర విద్యార్థులు దీనిని లెక్కకట్టి చూడవలెను. ద్రవీభవన స్థానము ఒక్క డిగ్రీ తగ్గుటకు సుమారు 130 వాతావరణముల పీడనము కావలెను. మనిషి బరువుతో అది కొద్ది డిగ్రీలకు మించి తగ్గదు. మైనస్ 20 డిగ్రీల వద్ద సైతము స్కేటింగ్ సాగుచున్నది! మంచు ఉపరితలమున సహజముగానే పలుచని ద్రవపు పొర యుండునని ఫారడే 1850లోనే సూచించెను. ఘర్షణ వలన పుట్టు వేడిమియు మంచును కరగించునని 1939లో బౌడెన్, హ్యూస్ అనువారు చూపిరి.

తొడలు పని చేయుచున్నను చీలమండ మాత్రము ఇంకను బందీగానే యుండెను. మడమ లేపినచో పలక కొన మంచులో గ్రుచ్చుకొనును. డచ్చి శాస్త్రవేత్త వాన్ ఇంగెన్ స్కెనౌ, 1980ల నాటి పరిశోధనల ఫలితముగా, పాదపు ముందుభాగము క్రింద కీలు అమర్చెను. మడమ లేచినను పలక మంచును విడువదు. చివరకు స్ప్రింగు దానిని "టప్" మని బూటుకు చేర్చును. అందుచేతనే దానికి క్లాప్ స్కేట్ అని పేరు. క్రీడాకారులు మొదట సందేహించిరి గాని, 1998 నాగానో ఒలింపిక్స్‌లో స్పీడ్ స్కేటింగ్ ప్రపంచ రికార్డులు వరుసగా బద్దలైనవి.